ఎమ్మారై గదిలో చప్పుడు

సూరత్‌లో సలాబత్‌పురా బ్రాంచీకి వచ్చే తెలుగు నేతన్నలకు మరమగ్గాల చప్పుడంటే బెదురుండదు. అదెందుకు వస్తుందో వాళ్లకు తెలుసు. ఎమ్మారై చప్పుడుకూ కారణం ఉంది. బలమైన అయస్కాంత క్షేత్రంలోని తీగచుట్టల్లో కరెంటు వేగంగా మారుతుంటే అవి కంపించి మోగుతాయి. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

దీర్ఘకాలిక వ్యాధితో తరచూ స్కాన్‌కు వెళ్లే సహోద్యోగులు పేస్‌మేకర్, శరీరంలో లోహపు ముక్కలు, కిడ్నీ సమస్య, ఇరుకు చోటంటే భయం ఉంటే ముందే చెప్పాలి. చెవులకు రక్షణ అడగండి. లోపల కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా వదలండి. చేతిలోని బల్బు నొక్కితే సిబ్బంది పలుకుతారు.

చాలామందికి అసలు దిగులు రిపోర్టు గురించే. అది ఏ రోజు వస్తుందో, ఏ డాక్టరు వివరిస్తారో అడిగి రాసుకోండి. గడువు తెలిసిన ఎదురుచూపు కాస్త తేలిక.