‘ఐ అగ్రీ’... దేనికండీ?

నెల్లూరు జిల్లా బోగోలు మండలం. ఓ పక్క ఒకప్పుడు ఆవిరి ఇంజిన్ల షెడ్డుతో పేరుపడ్డ బిట్రగుంట. మరో పక్క జువ్వలదిన్నె సముద్రతీరం. ఇలాంటి చోట్ల పెళ్లికార్డుకైనా కరపత్రానికైనా దిక్కు డీటీపీ సెంటరే. అక్కడి కుర్రాడు నెట్‌లోంచి కొత్త ఫాంటొకటి దింపుతాడు. ఇన్‌స్టాల్ చేయబోతే అరచేయంత పెట్టె తెరుచుకుంటుంది. నిండా చీమలబారులాంటి ఇంగ్లిషు. కింద ‘ఐ అగ్రీ’. టక్కున నొక్కేస్తాడు. పెళ్లివారు అవతల తొందర పెడుతుంటే ఎవరు మాత్రం చదువుతారు!

కానీ ఆ నొక్కుడు ఉత్తినే పోదు. కంప్యూటర్‌లో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టానికి 2008లో తెచ్చిన సవరణ చెబుతోంది. ఆ బారులో ఎక్కడో ‘సొంత వాడకానికే ఉచితం’ అన్న ముక్క ఉంటే, ఆ ఫాంటుతో డబ్బుకు కొట్టిన ప్రతి కార్డూ మాట తప్పినట్టే.

చదవకపోవడం మన ఊళ్ల జబ్బే కాదు. అమెరికాలో పీసీ పిట్‌స్టాప్ అనే సంస్థ తన లైసెన్సులో ‘ఈ చిరునామాకు రాస్తే బహుమతి’ అని రహస్యంగా ఇరికించింది. 2005లో బయటపెట్టిన లెక్క ఇదీ: నాలుగు నెలలు, మూడువేలకు పైగా డౌన్‌లోడ్లు... ఉత్తరం రాసింది ఒక్కరు. వెయ్యి డాలర్లు పట్టుకెళ్లారు!

తప్పంతా బద్ధకానిదేనా?

కాదు. కొంత ఆ పెట్టెది కూడా. జీపీఎల్ లాంటి లైసెన్సులు డెబ్బై, ఎనభై అక్షరాలకోసారి వరుస తెంపి రాసినవి. ఇరుకు పెట్టెలో పోస్తే ఒక వరుస నిండుగా, మరో వరుసలో రెండే మాటలు. పళ్లూడిన దువ్వెనే. విన్‌యాంప్ తయారుచేసిన నల్‌సాఫ్ట్ వాళ్లదే ఎన్‌ఎస్‌ఐఎస్ అనే ఇన్‌స్టాలర్ పనిముట్టు. లైసెన్సు ఫైలు డాస్ పద్ధతి వరుసలతోనే ఉండాలని దాని నిబంధన. యూనిక్స్‌లో రాసింది తెస్తే చిక్కే. పేరాను పేరాగా వదిలేసి, శీర్షికలు ముదురు చేసి, ఆర్‌టీఎఫ్‌లో భద్రపరిస్తే సగం బాధ తీరుతుంది. పది నిమిషాల పని. చేసేవాళ్లే తక్కువ.

పూచీ లేదన్న షరతు కొట్టొచ్చినట్టు కనబడాలని అమెరికా వాణిజ్య నియమం. అందుకని దాన్ని పెద్దక్షరాల్లో దంచుతారు. కనబడుతుంది నిజమే, చదవబుద్ధి కాదు!

మరి తెలుగులోనో?

మనకు పెద్దక్షరాలే లేవు. ముదురు అచ్చు వాడాలి. వత్తులు, గుడులు తెగకుండా వరుసల మధ్య చోటూ కాస్త ఎక్కువ వదలాలి. అసలు విండోస్‌కు తెలుగొచ్చిందే 2001 ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో. ఎన్‌ఎస్‌ఐఎస్ మూలరూపంలో యూనికోడ్ 2016లో మూడో వెర్షన్‌తో గానీ కుదరలేదు. అనువాదంతోనూ ఓ పేచీ ఉంది: జీపీఎల్‌కు అధికారిక పాఠం ఇంగ్లిషే. కాబట్టి పైన నాలుగు ముక్కల్లో తెలుగు సారాంశం, కింద అసలు పాఠం పెట్టడమే దారి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఓ అడుగు ముందుకేసింది. వివరాలు తీసుకోవడానికి అడిగే సమ్మతి తేలిక మాటల్లో ఉండాలని, ఎనిమిదో షెడ్యూలు భాషల్లోనూ చూసే వీలివ్వాలని అంది. అందులో తెలుగూ ఉంది. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు మాత్రం ఆ కట్టడి వర్తించదు.

అందాకా డీటీపీ కుర్రాడికో చిట్కా: లైసెన్సును కాపీ చేసి వర్డ్‌లో పెట్టుకుని ‘కమర్షియల్’, ‘పర్సనల్’ అన్న మాటలు వెతకండి. మల్లన్న, మండలి, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సువి. వాటితో పెళ్లికార్డులు నిక్షేపంగా అమ్ముకోవచ్చు. ఫాంటునే విడిగా అమ్మకూడదు, అంతే.