బాటలో తోడు

జాతర సమీపించిన కొలది మా కేసముద్రమున స్త్రీల నోట మేడారము మాటయే వినవచ్చును. రెండేండ్ల కొకమారు మాఘపూర్ణిమ నాటికి ములుగు అడవులలో జరుగు సమ్మక్క సారలమ్మల జాతరకు బండ్లమీదను, బస్సులమీదను పోవువారు పెక్కురు. మ్రొక్కుబడి చెల్లింప కాలినడకను పోవువారును గలరు. “నడవగలను గాని ఒంటిగా ఎట్లు పోదును?” అని మా పొరుగింటి యిల్లాలు నన్నడిగినది. ఆమెకు కాళ్ళ బలమును గూర్చి సందేహము లేదు. తోడును గూర్చియే సందేహము.

దూరప్రయాణమున కలిసి పోవు జనసమూహమును పూర్వులు సాతు అనిరి. నలుడు విడిచిపోగా కారడవిలో ఏకాకినియైన దమయంతి, చేదిపురమునకు పోవు వర్తకుల సాతును గూడెను. నడిరేయి ఏనుగులు పైబడి పెక్కురను త్రొక్కి చంపగా, మిగిలినవారిలో కొందఱు ఈ గుఱుతెఱుగని స్త్రీ రాకచేతనే కీడు మూడినదని నిందించిరి. ఆమె పురము చేరినదియు ఆ సాతులో బ్రతికినవారి వెంటనే. తోడు దొరకుట యొకటి, ఆ తోడులో తమ మనిషిగా ఎన్నబడుట మఱియొకటి.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి, కాశికి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. తల్లియు భార్యయు వెంటనుండిరి. పరివారము నూరుగురికి దగ్గర. అంతటి పరివారము మనకు లేదు. కాని అపాయములు మాత్రము తొలగిపోలేదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిని ఆరేండ్ల బాలికను చిఱుతపులి పొట్టనబెట్టుకొనెను. ఆపైన దేవస్థానమువారు నడచువారికి చేతికఱ్ఱ లిచ్చిరి, గుంపులుగా పొమ్మనిరి. ఎన్ని యంత్రములు వచ్చినను అడవిదారిని మనిషికి మనిషియే అండ.

నా సంగతి చెప్పెదను. 2024 జాతరకు నేను నలుగురితో గూడి బయలుదేరితిని. తాడ్వాయి దాటి అడవిబాట పట్టునప్పటికి నా మడమ బొబ్బలెక్కినది. తోడివారు మాటలలో మునిగి ముందుకు సాగిపోయిరి. ప్రొద్దు వ్రాలుచుండెను. బాటనిండ జనమే, ఆ జనములో నన్నెఱిగిన వారొక్కరును లేరు. అదియే నా భయము. ప్రక్కన మూడుఱాళ్ళ పొయ్యిపై అన్నము వండుకొనుచున్న స్త్రీల కడ నిలిచితిని. వారిలో పెద్దామె తలయెత్తి చూచి, “ఏ ఊరు బిడ్డా? ఒక్కదానివే ఉన్నవేంది?” అని అడిగినది. చెప్పితిని. “మాతోని రా, మెల్లగనే పోదాం” అని విస్తరి వేసినది. ఆ రాత్రి వారి నడుమ నిర్భయముగా నిద్రించితిని. మఱునాడు నా కుంటినడకకు తగినట్లు వారందఱు నడచిరి. జంపన్నవాగులో కలిసి మునిగి, గద్దెల కడ కలిసియే బెల్లము సమర్పించితిమి.

కావున మా పొరుగింటి యిల్లాలికి నేను చెప్పిన మాట లివి. బయలుదేరక మునుపే తోడివారితో ఒడంబడిక చేసికొనవలయును: అందఱిలో మెల్లగా నడచువారి నడకయే అందఱి నడక. చీకటి పడకమునుపే మజిలీ చేరవలయును. ఎవరైన తప్పిపోయినచో కలిసికొను చోటు ముందుగానే నిర్ణయించుకొనవలయును. పిల్లల మణికట్టున పేరు, ఊరు, ఫోను సంఖ్య వ్రాసి కట్టవలయును. ఆపద వచ్చినచో 112కు ఫోను చేయుటకు సంకోచింపరాదు.

ఇవి తోడు వెదకువారికి. తోడు గలవారికిని ఒక ధర్మము కలదు. బాటలో ఒంటిగా నడచు స్త్రీ కనబడినచో ఆమె యడుగువఱకు వేచియుండక “ఏ ఊరమ్మా?” అని మనమే పిలువవలయును. ఆ పెద్దామె పేరైనను నేనడుగ మఱచితిని; ఆమె ఋణమును మఱియొకతెకు తీర్చుటకంటె నాకు వేఱు దారి లేదు. రాబోవు జాతరకు మా పొరుగింటి యిల్లాలు నాతో నడచును. ముందుగా మడమ నొచ్చిన వారు ఎవరైనను, అందఱము ఆగుదుమని మాట యిచ్చికొంటిమి.