వాద్యం ముందా, వాదనం ముందా? – పరికరాల మోజు నడుమ ప్రయోగాత్మక సంగీతం

వ్యాససంగ్రహం

ఇంట్లో కూర్చొని సరదాకు ధ్వనులతో ప్రయోగాలు చేసేవారికి నేడు అంతర్జాలంలో మొదట ఎదురయ్యేది సంగీతం కాదు, పరికరాల జాబితా. ఈ ధోరణి వాదనానందాన్ని ఎలా వెనక్కి నెడుతుందో, తెలుగువారి వాద్యసంప్రదాయం దానికి ఎలాంటి సమాధానం చూపుతుందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ప్రయోగాత్మక సంగీతం, పరికర సంస్కృతి, కిన్నెర, జమిడిక, మహతి, సింథసైజర్.

1. ఉపోద్ఘాతం

రాగతాళాల ఏర్పాటుకు లోబడినా లోబడకపోయినా, ధ్వనినే పరిశీలనా వస్తువుగా చేసుకొని "ఇలా చేస్తే ఏమి వినిపిస్తుంది?" అనే కుతూహలంతో సాగే సంగీతాన్ని ప్రయోగాత్మక సంగీతం అనవచ్చు. దీనికి సభ అక్కరలేదు, శ్రోత కూడా తప్పనిసరి కాదు. చేసేవాని ఆనందమే దాని తొలి ఫలం. ఆ ఆనందానికి ఖరీదైన పరికరం ముందస్తు షరతుగా మారినప్పుడు, హైదరాబాదుకు పడమట చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలోని ప్రొద్దుటూరు వంటి ఊరిలో ఒక్క ఫోను మాత్రమే ఉన్న యువకుడు "ఇది నా వల్ల అయ్యే పని కాదు" అని ఆగిపోయే ప్రమాదం ఉంది. ఈ చర్చ అవసరం అక్కడే కనిపిస్తుంది.

2. పరికరాల మోజు – స్వరూపం

ఈ మోజు కొత్తది కాదు. స్టీలీ డాన్ బృందానికి చెందిన వాల్టర్ బెకర్ 1990లలోనే గిటార్లు కూడబెట్టే అలవాటును ఒక జబ్బుగా వర్ణిస్తూ వ్యంగ్యంగా రాశాడు. యాన్-పీటర్ హెర్బ్‌స్ట్, యోనాస్ మెంజె 2021లో ఇదే విషయంపై ఒక పరిశోధన గ్రంథం వెలువరించారు. అంతర్జాలం ఈ అలవాటుకు వేగాన్నిచ్చింది.

యూరోర్యాక్ పద్ధతి ఇందుకు మంచి ఉదాహరణ. జర్మనీకి చెందిన డీటర్ డోఫర్ 1990ల మధ్యలో ప్రవేశపెట్టిన ఈ పద్ధతిలో సింథసైజర్‌ను చిన్న చిన్న భాగాలుగా కొని ఒక పెట్టెలో అమర్చుకుంటారు. ఏ భాగాన్ని దేనితోనైనా తీగలతో కలపవచ్చు కనుక ప్రయోగానికి ఇది ఎంతో అనువైనది. అయితే పెట్టెలో మిగిలిన ఖాళీ మరో కొనుగోలుకు పిలుపుగానూ మారుతుంది.

ఆనందానికి నష్టం మూడు విధాల జరుగుతుంది. మొదటిది కాలం: వాయించవలసిన సాయంత్రం సమీక్షలు చూడటంలో గడిచిపోతుంది. రెండవది అలవాటు: కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ చేయి మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలి. మూడవది పోలిక: తన చెవికి నచ్చిందా అన్న ప్రశ్న స్థానంలో ఇతరుల గదిలో ఏముంది అన్న ప్రశ్న వచ్చి చేరుతుంది.

3. తెలుగువారి వాద్యానుభవం

తెలంగాణ జానపద వాద్యాలలో వాదనం, వాద్యనిర్మాణం వేరువేరు పనులు కావు. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం వంటి చుట్టూ దొరికే వస్తువులతో రూపొందేది కిన్నెర. తీగ పలికిన సన్నని ధ్వనిని బుర్రలోని గాలి పెంచుతుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాదకుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించడంతో ఈ వాద్యం మళ్లీ లోకం దృష్టికి వచ్చింది.

బైండ్లవారి జమిడిక మరింత గమనింపదగినది. ఒకవైపు చర్మం మూసిన గొట్టం, ఆ చర్మం నడుమ నుంచి వచ్చే తీగ, ఇంతే దాని నిర్మాణం. తీగను బిగించి మీటితే స్థాయి పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. మెట్లు లేకుండానే స్వరం జారుతుంది. డప్పును మంటకు కాచి బిగువు రప్పించడం కూడా ధ్వనిశాస్త్రంలో ఒక పాఠమే.

శాస్త్రీయ సంగీతంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ మరో దారి చూపారు. ఆయన కొత్త వాద్యాన్ని వెతకలేదు, ఉన్న స్వరాలనే తగ్గించారు. మహతిలో స, గ, ప, ని. లవంగిలో స, రి, మ, ధ నాలుగేసి స్వరాలే ఉంటాయి. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్న భావన బలంగా ఉన్న చోట ఇది సాహసమే. వీణా విద్వాంసుడు ఎస్. బాలచందర్ ఈ రాగసృష్టిని తీవ్రంగా ప్రశ్నించారు. వివాదం ఎలా ఉన్నా, పరిమితే ప్రయోగానికి చోటివ్వగలదని దీనివల్ల తెలుస్తుంది.

4. యంత్రాల పక్షాన ఒక మాట

దీనిని బట్టి యంత్రాలను నిరాకరించవలసిన పనిలేదు. 1969లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో నెలకొల్పాడు. గీతా శారాభాయ్, అతుల్ దేశాయ్ వంటివారు అక్కడ చేసిన ప్రయోగాలు దశాబ్దాలపాటు టేపుల్లోనే ఉండిపోయి, 2023లో సంకలనంగా వెలువడ్డాయి. అంటే ఆ పని విలువ వెంటనే దొరికే మెప్పు మీద ఆధారపడలేదు.

ముంబై సినీ వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలాండ్ టీబీ-303 వంటి యంత్రాలపై పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. గిటార్ సాధకులకు తోడుగా బేస్ వినిపించడానికి తయారైన ఆ యంత్రం మార్కెట్లో విఫలమైంది. తర్వాత చవకగా పాత సరుకుగా దొరకడం వల్లనే షికాగో యువకుల చేతికి చేరి, కొత్త నృత్యసంగీతానికి కారణమైంది. నేడు అదే యంత్రం సేకర్తలకు అపురూప వస్తువు. ధ్వనిని కనుగొన్నది వాడుక. ధరను పెంచింది కీర్తి.

మరొక జాగ్రత్త కూడా అవసరం. కిన్నెర, జమిడిక కళాకారుల సాధనాలు కొద్దివే కావడం కేవలం వారి ఎంపిక కాదు, అందులో పేదరికమూ ఉంది. లేమిని ఆదర్శంగా కీర్తించడం వారికి చేసే అన్యాయం. అలాగే కిన్నెరకు నెమలి ఈకలు, అద్దాలు కట్టి అలంకరించే చేతిలోనూ వస్తువుపై మమకారం ఉంది. వాయించే వాద్యాన్ని ప్రేమించడం వేరు, వాయించకుండానే మరొకటి కోరడం వేరు.

5. ఆచరణ

బిందెలో కొద్దిగా నీరు పోసి, తట్టి, వంచితే ధ్వని వంగుతుంది. జలతరంగంలో గిన్నెలోని నీరు పెరిగేకొద్దీ స్థాయి తగ్గడానికి కారణమే ఇక్కడా పనిచేస్తుంది. ఆ ధ్వనిని ఫోనులో రికార్డు చేసి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సగం వేగంతో వినిపిస్తే అది ఒక స్థాయి కిందికి దిగి, బిందె గంటలా మోగుతుంది. తీగల అమరికను అభ్యసించదలచినవారికి వీసీవీ ర్యాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 2017 నుంచి అందుబాటులో ఉంది.

6. ముగింపు

- పరికర సంస్కృతి వాద్యాన్ని వాదనానికి ముందు నిలుపుతుంది; తెలుగు జానపద సంప్రదాయం ఆ రెండింటినీ కలిపి నడిపింది.
- పరిమితి ప్రయోగానికి ఆటంకం కాదని మహతి, లవంగి రాగాలు చూపుతున్నాయి.
- కొత్త పరికరం అవసరమా అన్న ప్రశ్నకు కొలత ఒక్కటే: ఉన్నదానిలో ఇంకా వినని ధ్వని మిగిలి ఉందా?
- జమిడిక, కిన్నెరలను పాఠశాల స్థాయిలో పిల్లలచేత తయారు చేయించి, ఆ కళాకారులనే వేతనంపై గురువులుగా నియమిస్తే, వారికి జీవనోపాధి, పిల్లలకు ప్రయోగానందం రెండూ సిద్ధిస్తాయి.