మీకు తెలుసా? మగ్గం కొసన మిగిలిన పోగులు

మగ్గం మీద ఎక్కించిన పడుగును, అంటే నిలువు పోగులను, చివరి అంగుళం దాకా నేయడం ఎంత చేయి తిరిగిన నేతగాడికైనా సాధ్యం కాదు. వెనక పడుగు చుట్టిన దోనె, ముందు నేసిన బట్ట చుట్టుకునే దోనె, ఈ రెండింటి నడుమ అచ్చు. పడుగు అయిపోవస్తుంటే పేక (అడ్డపోగు) మోసే నాడె దూరే సందు ఇరుకైపోతుంది. అక్కడితో నేత ఆగుతుంది. మిగిలిన ఆ కాస్త పడుగుకు ఒక పనుంది. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఒక్కొక్కటిగా ఈ పాత కొసలకు మెలిపెట్టి అతుకుతారు. అలా చేస్తే వందల పోగులను అచ్చులో మళ్లీ మొదటి నుంచి దూర్చే బాధ తప్పుతుంది. పని అయ్యాక ఆ పాత కొసలు తెగి కింద పడతాయి. బజారులో వాటికి ధర రాదు. ఇంట్లో పిల్లలున్నారనుకోండి, వాటిని ఊడ్చి పారేయనివ్వరు.

ఈ వారం కబుర్లన్నీ అలాంటి పోగుల చుట్టూనే. అందుకు సోలాపూర్ దాకా వెళ్దాం.

●

సోలాపూర్ మహారాష్ట్రలోనే ఉంది. అయినా సాఖర్ పేఠ్, భవానీ పేఠ్, దాజీ పేఠ్, అశోక్ చౌక్ వైపు నడిస్తే మరమగ్గాల మోతలో తెలుగు మాటలు చెవిన పడతాయి. తెలంగాణ జిల్లాల నుంచి తరతరాలుగా వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలవి. 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు మొదలైంది. కొన్నేళ్లకు అది ‘జూనీ మిల్లు’, అంటే పాత మిల్లు అయింది. లక్ష్మీ మిల్లు, నర్సింగ్‌గిర్జీ మిల్లు, విష్ణు మిల్లు తర్వాత వచ్చాయి. కరువులు ఇటు నుంచి తోశాయి, మిల్లులు అటు నుంచి లాగాయి. ఇవాళ ఆ పెద్ద మిల్లులు లేవు. మరమగ్గాలున్నాయి, వాటితో పాటు ఇంటింటా ఆడవాళ్లు బీడీలు చుట్టే పనీ ఉంది. బడిలో మరాఠీ, బజారులో మరాఠీ, కన్నడం, ఉర్దూ, ఇంట్లో అమ్మతో తెలుగు. ఆ తెలుగులో మరాఠీ కలిసిపోయి ఉంటుంది కాబట్టి మనం ఒకటికి రెండుసార్లు వినాలి.

●

మనం రాఖీ పున్నమి అంటాం. మరాఠీవాళ్లకు అది నారళీ పున్నమి. నేతవాళ్లకు నూలు పున్నమి. మూడూ ఒకే శ్రావణ పున్నమి. ఆ రోజు పద్మశాలీలు జంధ్యాలు మార్చుకుంటారు, చేతికి నూలు పోగు కట్టుకుంటారు. సోలాపూర్‌లో వాళ్ల పురాణ పురుషుడు మార్కండేయ మహాముని రథం ఊరేగుతుంది. ఊరేగింపులో మగ్గం కూడా బండెక్కుతుంది. బండి కదులుతుండగానే దాని మీద బట్ట నేస్తారు.

పిల్లలతో రాఖీ చేయించాలంటే అంగట్లో థర్మాకోల్ పూలు కొననక్కర్లేదు. నాలుగైదు రంగుల నూలు పోగులు మీటరు పొడవున తీసుకోండి. ఒక కొసను తలుపు గడియకు కట్టి, రెండో కొసను పెన్సిలుకు ముడేసి, పెన్సిలును ఒకే వైపు తిప్పుతూ పోండి. దారం ముడుచుకుపోయేంత బిగిశాక సరిగ్గా మధ్యకు మడవండి. చేయి వదలగానే రెండు పాయలూ వాటంతటవే పెనవేసుకుంటాయి. ఇందులో మాయేం లేదు. ఒక వైపుకు పురి పెట్టిన దారం విప్పుకోవాలని చూస్తుంది, రెండు పాయలు కలిసినప్పుడు ఆ విప్పుకునే బలమే ఎదురు వైపు పురిగా మారి ఒకదాన్నొకటి బిగిస్తుంది. మోకు పేనేవాళ్లు చేసేదీ ఇదే. జంధ్యంలో మూడు పోగులు, ఒక్కో పోగులో మళ్లీ మూడు దారాలు ఉండటంలోనూ ఇదే లెక్క. మీటరు దారానికి అరమీటరు కంటే కాస్త తక్కువ తాడు వస్తుంది. చిన్న చేతికి అది చాలు.

●

పద్మశాలీల పురాణంలో మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర తూడు నుంచి దారం తీసి దేవతలకు బట్ట నేశాడు. కథే కదా అని తీసేయకండి. పచ్చి తామర కాడను చుట్టూ కొద్దిగా కోసి, విరిచి, రెండు ముక్కలనూ మెల్లగా ఎడంగా లాగండి. నడుమ సాలెగూడు కన్నా సన్నని పోగులు సాగి వస్తాయి. వాటిని తడి చేత్తో పీట మీద దొర్లిస్తే నిజంగానే దారం అవుతుంది. మయన్మార్‌లో ఇన్లే సరస్సు ఒడ్డున ఈ దారంతో ఇప్పటికీ బట్ట నేస్తారు, ఒక్క కండువాకు వేల కాడలు కావాలి. కాడ పచ్చిగా ఉండగానే పోగు తీయాలి, ఎండితే రాదు. చెరువున్న ఊళ్లో తాతగారి ఇంటికి వెళ్లినప్పుడు పిల్లలకు చూపించదగ్గ వింత ఇది. ఒక్క జానెడు దారం తీసేసరికి వాళ్లకే విసుగొస్తుంది. ఒంటి మీద చొక్కా వెనక ఎంత పని ఉందో చెప్పడానికి వేరే పాఠం అక్కర్లేదు.

●

టీ తాగిన కాగితం కప్పును పారేయకండి. అంచు నుంచి అడుగు దాకా నిలువుగా కత్తిరించి 9 పట్టీలు చేయండి. 7 అయినా, 11 అయినా పర్వాలేదు, బేసి సంఖ్య మాత్రం తప్పదు. ఒక పట్టీ పైనుంచి, పక్క పట్టీ కింద నుంచి దారాన్ని చుట్టూ తిప్పుతూ పోతే చిన్న బుట్ట తయారవుతుంది. బేసి ఎందుకంటే, ఒక చుట్టు పూర్తయి రెండోది మొదలయ్యేటప్పుడు మొదటిసారి పైనుంచి వెళ్లిన చోట ఇప్పుడు కింద నుంచి వెళ్లాలి. పట్టీలు సరి సంఖ్యలో ఉంటే ప్రతి చుట్టూ ఒకే దారిలో పోతుంది, అల్లిక పడదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. ఒక కప్పు 8 పట్టీలతో, ఇంకోటి 9 పట్టీలతో ఇచ్చి ఊరుకోండి. వాళ్లే వచ్చి అడుగుతారు.

ఇక్కడొక మాట అనాలి. నేత ఇళ్లలో పిల్లల చేతిపని ఎప్పుడూ కాలక్షేపం కాదు. బడి నుంచి వచ్చిన పిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుడితేనే నాన్న నాడెలో పేక ఆడేది. ముసలమ్మలూ అదే పని చేసేవాళ్లు. కూలి ఇంటికంతటికీ కలిపి ఒక్కటే, కండెలు చుట్టినవాళ్లకు విడిగా ఏమీ లేదు. మనం సెలవుల్లో ‘యాక్టివిటీ’ అని డబ్బు కట్టి నేర్పించేది వాళ్లకు తప్పించుకోలేని పని. అందుకే నేత వాడల్లో ఎవరైనా తీరిగ్గా కూర్చుని మిగిలిన పోగులతో బొమ్మ చేస్తే నాకు దానికి రెట్టింపు విలువ కనిపిస్తుంది.

●

మీ ఇంట్లో సోలాపూర్ చద్దర్ ఉందా? తిరగేసి చూడండి. పైన ఎర్ర నేల మీద తెల్ల నెమలి ఉంటే, అడుగున తెల్ల నేల మీద ఎర్ర నెమలి. రెండు పొరలను ఒకేసారి నేస్తూ, బొమ్మ వచ్చిన చోటల్లా పై పొరను కిందికి, కింది పొరను పైకి మార్చడం వల్ల వచ్చే చిత్రమిది. అంచున నేసిన అక్షరాలు అటు వైపు తిరగబడి కనిపిస్తాయి, అద్దంలో పెట్టి చదువుకోవచ్చు. మహారాష్ట్రలో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మొదటి వస్తువు ఈ చద్దరే.

ఆ నెమలిని పైకి లేపేది జకార్డు. చిల్లులు పొడిచిన అట్టల దండతో నడిచే సాధనం అది. చిల్లి ఉన్న చోట పోగు లేస్తుంది, లేని చోట లేవదు. ఫ్రాన్స్‌లో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో ఈ పద్ధతిని ఒక కొలిక్కి తెచ్చాడు. ఆయన పోయాక, 1839లో లియాన్ నగరంలో ఆయన బొమ్మనే పట్టు మీద నేశారు. అందుకు పట్టిన అట్టలు 24 వేలు! ఇంగ్లండులో గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ ఒక ప్రతి తెప్పించి ఇంట్లో పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లు దాన్ని అచ్చేసిన చిత్రమనుకునేవారు. ఆ చిల్లుల అట్టలనే బాబేజ్ తన లెక్కల యంత్రానికి వాడదలిచాడు. ఇవాళ్టి కంప్యూటర్ వంశవృక్షంలో మగ్గం ఉందని చెప్పడం గొప్పలు కాదు.

గోడకు వేలాడదీసే నేత చిత్రాలకూ సోలాపూర్ పేరు పొందింది. అందులో అట్టల దండ పని లేదు. గీసిన బొమ్మను పడుగు వెనక పెట్టుకుని, ఏ రంగు ఎంత మేరకు కావాలో అంత మేరకే ఆ రంగు పోగును చేత్తో దూరుస్తూ వరస వరసగా కడతారు. నాయకుల ముఖాలు, దేవుళ్లు, కన్నవాళ్ల ముఖాలు కూడా ఇలా నేతలోకి ఎక్కుతాయి. ఫోటోలో ముఖం ఒక్క క్షణంలో పడుతుంది. ఇక్కడ గడ్డం దగ్గర మొదలుపెడితే నుదురు చేరేసరికి రోజులు గడుస్తాయి. నాన్న కళ్లు నేసిన పూట నేతగాడికి ఎలా ఉంటుందో!

●

పాత చీరలతో కుట్టే దాన్ని మనం బొంత అంటాం. సోలాపూర్‌లో మరాఠీ ఇంట అది గోధడీ. ఎల్ల దాటితే కన్నడంలో కౌది. పేర్లు మూడైనా కుట్టే పద్ధతి ఒకటే: వాడి వాడి మెత్తబడ్డ గుడ్డలను పొరలుగా పరిచి, అంచుల నుంచి లోపలికి వరస కుట్లు వేసుకుంటూ రావడం. కొత్త గుడ్డతో కుడితే సూది సాగదు, కప్పుకుంటే గుచ్చుకుంటుంది. బొంతకు పాతదనం లోటు కాదు, అర్హత.

ఉత్తర కన్నడ జిల్లాలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ మహిళలు ఇలాంటి బొంతలే కుడతారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి చేసిన చిన్న ముక్కోణపు పూలు పెడతారు. అవి లేకపోతే బొంత దిసమొలతో ఉన్నట్టేనని వాళ్ల లెక్క. బెంగాల్‌లో కాంథా ఉంది. అమెరికాలో 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో ఎయిడ్స్‌తో పోయినవాళ్ల పేర్లు కుట్టిన 1,920 బొంత ముక్కలను మైదానంలో పరిచారు. ఒక్కో ముక్క 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు, సుమారు ఒక సమాధి కొలత. కుట్టింది ఎక్కువగా వాళ్ల ఇంటివాళ్లూ స్నేహితులే.

మీ ఇంట్లో బొంత కుట్టాలనుకుంటే నాయనమ్మ చీరను మొత్తం ముక్కలు చేయకండి. చిరిగిన నడిమి భాగం బొంత లోపలికి, కొంగు పైపొరకు. కుచ్చిళ్ల చోటు ఎక్కువ రాపిడి పడి బలహీనపడుతుంది, దాన్ని నమ్ముకోకండి.

●

పద్మశాలీలకు వాళ్ల కులపురాణం చెప్పడానికి ప్రత్యేకంగా కూనపులివారు ఉండేవారు. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పొడవాటి పటం నిలువుగా వేలాడదీసి, గడి తర్వాత గడి విప్పుతూ రాత్రిళ్లు మార్కండేయుడి కథ, భావనారుషి కథ పాడేవారు. ఆ పటాల తయారీలో పిల్లలకు పనికొచ్చే గుట్టు ఒకటుంది: చింతగింజల జిగురు. గింజలను వేయించి, పై పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే చిక్కని జిగురొస్తుంది. చేర్యాలవాళ్లు బట్టకు గంజి, సుద్దతో పాటు దీన్ని పట్టిస్తారు. దీన్నే రంపపు పొట్టుతో కలిపి ముసుగు బొమ్మలూ చేస్తారు. నోట్లో పెట్టుకున్నా భయం లేని జిగురు బజారులో ఎక్కడ దొరుకుతుంది? కాకపోతే రెండు రోజుల్లో పులుస్తుంది, కొంచెం కొంచెమే చేసుకోవాలి.

●

చివరగా, దాచుకోవడం. ఇందులో మనం చేసే తప్పులు ఎక్కువ. గంజి పెట్టిన చీరను అలాగే బీరువాలో పెడితే సిల్వర్‌ఫిష్ పురుగులకు విందు. దాచే ముందు గంజి పోయేలా ఉతికి, నీడన బాగా ఆరబెట్టాలి. పాత పత్రికల్లో చుట్టొద్దు, ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, బట్ట పసుపెక్కుతుంది. ఉతికిన తెల్ల నూలు గుడ్డ చాలు. ఏడాదికి రెండుసార్లు తీసి మడతలు మార్చాలి, లేకపోతే బట్ట మడత దగ్గరే చిరుగుతుంది. వేపాకు మంచిదే, కానీ బాగా ఎండబెట్టి సంచిలో వేసి పక్కన పెట్టండి, బట్టకు తగలనివ్వకండి. ఫోటోల వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్ వాడండి, బాల్‌పెన్ నొక్కు ముందు వైపు తేలుతుంది.

బట్టకు మాత్రం పెన్సిల్ వద్దు. ఇంట్లో ఇంకా గుర్తున్నవాళ్లు ఉండగానే అడిగి, ఎవరి చీర, ఏ ఊళ్లో నేసింది, ఏ పెళ్లికి కొన్నది అన్న మూడు సంగతులనూ ఒక తెల్ల గుడ్డ పట్టీ మీద రంగు దారంతో కుట్టి, బొంత మూలన అతకండి. సిరా నాలుగు ఉతుకులకు వెలిసిపోతుంది. పక్కా రంగు దారంతో వేసిన కుట్టు బొంత ఉన్నన్నాళ్లూ ఉంటుంది.