కలము సంపాదకునిది, తాళపుచెవి యెవరిది?

ప్రతి యుదయమున మన గుమ్మమునకు వచ్చు వార్తాపత్రికలోని మాటలు ఎవరివి? సంపాదకునివే యని మనము తలంతుము. కాని వంట చేయునది కోడలైనను, కొట్టుగది తాళములు అత్తగారి చేతనున్నచో, కూరలో నేమి పడవలెనో నిర్ణయించువారెవరో మనకు తెలియనిది కాదు. పత్రికల స్థితియు నట్టిదే. సంపాదకుని కలమును పట్టి యాపు చేతులు రెండు: ఒకటి ప్రభుత్వముది, రెండవది యజమానిది.

మొదటి చేయి కంటికి కనబడును. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రిక సంపాదకులగు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిపై ఆంగ్ల ప్రభుత్వము రాజద్రోహనేరము మోపి చెరసాలకు పంపెను. 1910 నాటి ముద్రణాలయ చట్టము క్రొత్తగా అచ్చుకూటము పెట్టువారిని 500 మొదలు 2,000 రూపాయల వరకు ధరావతు కట్టుమనెను. వ్రాతలు నేరమని తోచినచో ఆ సొమ్ము ప్రభుత్వపరమగును. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను ఈ చేయి ముడుచుకొనలేదు. 1975 జూన్ నెలలో అత్యవసర పరిస్థితిని ప్రకటించి, అచ్చునకు ముందే వ్రాతలను అధికారులకు చూపవలెనని నిర్బంధింపగా, ఢిల్లీ 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' 28వ తేదీన సంపాదకీయపు చోటును తెల్లగా విడిచెను. ఆ తెల్లని చోటే చెప్పవలసినదంతయు చెప్పెను.

రెండవ చేయి అంత సులభముగా కనబడదు. ఆ పత్రిక యజమాని రామనాథ్ గోయెంకాగారు ప్రభుత్వమునకు ఎదురు నిలిచిన ధీరులని పేరొందిరి. అయినను 1938లో వారే మద్రాసున నెలకొల్పిన 'ఆంధ్రప్రభ'కు పెక్కేండ్లు సంపాదకులైయుండిన నార్ల వేంకటేశ్వరరావుగారు 1959లో యాజమాన్యముతో పొసగక వైదొలగిరి. మరుసటి యేట విజయవాడలో ఆరంభమైన 'ఆంధ్రజ్యోతి'కి సంపాదకులైరి. యజమాని ధైర్యము వేరు, సంపాదకుని స్వాతంత్ర్యము వేరని దీనివలన మనము గ్రహింపవలెను.

ధనమెల్ల చెరుపే యనుటయు తగదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనపు వ్యాపారము నారంభించిరి. 1908లో అచటనే 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసున దినపత్రికగా నడపిరి. మన యిండ్లలో తలనొప్పికి రాచుకొను మందు ఆంధ్రుల గొంతుకకు బలమయ్యెను.

అట్టి యజమాని యందరికిని దొరకడు. గనులు, గుత్తపనులు, రాజకీయ పదవులు గల యజమానికి ప్రభుత్వముతో పని యుండును. ప్రభుత్వ ప్రకటనల సొమ్ముపై బ్రదుకు పత్రికకును అంతే. అప్పుడెవరును ఆజ్ఞాపింపనక్కరలేదు, సంపాదకుడే ముందుగా కలము తగ్గించుకొనును. వ్రాయబడని వార్తకు సాక్షి యుండడు.

ఇది మగవారి గొడవయని మనము ఊరకుండరాదు. ఊరి చెరువునీరు చెడినను, ఆసుపత్రిలో మందులు లేకున్నను, పిల్లల బడికప్పు కూలనున్నను, ఆ వార్త అణగినచో నష్టము మొదట మన యింటికే వచ్చును.

కావున మేము చేయు మనవి యిది. పత్రికలో చిన్న యక్షరములతో వేయు ప్రకాశకుని పేరును, యజమాని పేరును చూడుడు. వారికి మరి యే వ్యాపారములున్నవో తెలిసికొనుడు. ఒకే సంగతిని రెండు పత్రికలలో చదివి, ఒకదానిలో లేనిదేమో గమనింపుడు. బియ్యములో రాళ్లను ఏరు కన్నులు మనవి. వార్తలలో ఏరుట మనకు కష్టము కాదు.