వృథా లేని కృషి: సాఫ్ట్‌వేర్ సంస్థలలో లీన్ పద్ధతి

కర్మాగారంలో వృథా కంటికి కనిపిస్తుంది. పాడైన సామాను ఒక మూల పడి ఉంటుంది. అమ్ముడుపోని సరుకు గిడ్డంగిలో పేరుకొంటుంది. సాఫ్ట్‌వేర్, అనగా కంప్యూటర్ చేత పని చేయించే ఆదేశాల సముదాయం, తయారయ్యే చోట ఇటువంటి గుట్టలు ఉండవు. నెలల తరబడి సాగిన శ్రమ వ్యర్థమైనా బయటికి ఏ గుర్తూ కనిపించదు. మరి ఈ వృథాను పట్టుకోవడం ఎట్లా?

ఇందుకు మార్గం మోటారు కార్ల పరిశ్రమలో దొరికింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత జపానులోని టొయోటా సంస్థకు పెట్టుబడి చాలా తక్కువ. సరుకును గుట్టలుగా చేసి నిలవ ఉంచే స్తోమత లేదు. అందుచేత తైయిచి ఓనో అనే ఇంజనీరు, కావలసిన వస్తువును కావలసిన వేళకు కావలసినంత మేరకే తయారుచేసే విధానాన్ని రూపొందించాడు. లోపం కనిపించగానే పని ఆపి, కారణం వెదికేవారు. ఈ విధానాన్నే 1988లో జాన్ క్రాఫ్సిక్ 'లీన్' అని పిలిచాడు. కొవ్వు లేనిది అని ఆ మాటకు అర్థం.

అయితే కార్ల కర్మాగారానికీ, కొత్తగా పుట్టిన సాఫ్ట్‌వేర్ సంస్థకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. కార్లు కొనేవారు ఉన్నారని మొదటిదానికి తెలుసు. రెండవదానికి కొనేవారెవరో, వారికి కావలసినదేమిటో తెలియదు. ఎవరికీ అక్కరలేని వస్తువును ఎంత నేర్పుగా తయారుచేసినా అదంతా వృథాయే కదా!

దీనికి ఐఎంవియు అనే అమెరికన్ సంస్థ చరిత్ర మంచి ఉదాహరణ. 2004లో ఈ సంస్థను స్థాపించినవారిలో ఎరిక్ రీస్ ఒకడు. స్నేహితులు కంప్యూటర్ల ద్వారా మాట్లాడుకొనేటప్పుడు తెరపై తమకు బదులుగా బొమ్మరూపాలు కనిపించాలని వారి ఆలోచన. అప్పటికే వాడుకలో ఉన్న సందేశ వ్యవస్థలన్నిటితోనూ కలిసి పనిచేసేటట్లు, ఆరు నెలలు శ్రమించి సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. దానిని విడుదల చేస్తే పట్టించుకొన్నవారు దాదాపు లేరు.

తరువాత రోజుకు అయిదు డాలర్లు ప్రకటనలకు ఖర్చుచేసి, ప్రతిరోజూ సుమారు వందమంది కొత్తవారిని రప్పించారు. నెలల తరబడి కొత్త హంగులు చేరుస్తూ వచ్చారు. కాని ఏ రోజు వచ్చినవారిని విడిగా లెక్కించి చూసినా, డబ్బు చెల్లించినవారు నూటికి ఒకరికి మించలేదు. మొత్తం సంఖ్య మాత్రమే చూచి ఉంటే అది రోజురోజుకూ పెరుగుతూ, అభివృద్ధి జరుగుతున్నదనే భ్రమ కలిగించేది.

చివరకు కొందరిని పిలిపించి, ఎదుట కూర్చుండబెట్టి వాడించి చూశారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఈ కొత్త వస్తువును తమ స్నేహితులకు చూపడానికి వారు జంకారు. ముక్కూ మొహం తెలియనివారితో కబుర్లాడడానికి మాత్రం ఉత్సాహపడ్డారు. అనగా పాత స్నేహితుల కోసం తయారైన వస్తువు కొత్త స్నేహితుల కోసం కావలసివచ్చింది! పాత వ్యవస్థలతో కలపడానికి వ్రాసిన వేలాది పంక్తుల ఆదేశాలను పారవేయవలసి వచ్చింది.

ఈ అనుభవం నుంచి రీస్ వేసుకొన్న ప్రశ్న గమనించదగినది. ప్రజలకు ఇది అక్కరలేదని తెలుసుకోవడానికి ఆరు నెలలు పట్టాలా? వస్తువును తయారుచేయక ముందే, దాని వర్ణనతో ఒక్క పుట ఇంటర్నెట్‌లో పెట్టి, ఎందరు కోరతారో చూచి ఉంటే సరిపోయేది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి మెతుకు పట్టి చూస్తాము గాని కుండంతా తినము కదా! 2011లో వెలువడిన తన గ్రంథంలో రీస్ ఈ పద్ధతిని మూడు మెట్లుగా చెప్పాడు: కొద్దిగా నిర్మించడం, ఫలితాన్ని కొలవడం, దానినుంచి నేర్చుకోవడం. ఇవి చక్రంలాగా తిరుగుతూ ఉండాలి. ఒక్కొక్క చుట్టుకు పట్టే కాలం ఎంత తగ్గితే వృథా అంత తగ్గుతుంది.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. రోగికి మందు మోతాదు నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌ను సగం తయారుచేసి జనంపై ప్రయోగించరాదు. కొలత సరిగా లేకపోతే ఎన్ని ప్రయోగాలు చేసినా జ్ఞానం కలుగదు. ఏమి నిరూపణ అయితే తన ఊహ తప్పని ఒప్పుకోవాలో ముందే వ్రాసిపెట్టుకొని, ఆ తరువాత పరీక్షించడం శాస్త్రజ్ఞుని అలవాటు. లీన్ పద్ధతి వ్యాపారికి నేర్పేది ముఖ్యంగా ఆ అలవాటునే.