కారు అద్దానికి ఎంత నలుపు?

డాలస్‌లో దర్జాగా తిరిగే కారుకు న్యూజెర్సీలో జరిమానా పడొచ్చు. దుబాయ్‌లో సరేనన్న ఫిల్మ్‌ను హైదరాబాద్‌లో నడిరోడ్డు మీదే పీకించేస్తారు. అద్దం అదే, ఎండ అదే... మరి చట్టాలకెందుకింత తేడా?

మే నెల. విజయవాడ. మధ్యాహ్నం రెండు గంటలు. గంటసేపు ఎండలో నిలబెట్టిన కారు తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్లు వేడి ముఖానికి కొడుతుంది. స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ఏసీ వేసినా పది నిమిషాల దాకా ఉక్కపోతే. సరిగ్గా అప్పుడే గుర్తొస్తుంది, కారు కొన్న కొత్తలో సీటు కవర్ల షాపులో విన్న మాట: 'ఫిఫ్టీ పర్సెంట్ ఫిల్మ్ వేయించుకోండి సార్, పోలీసులు ఏమీ అనరు.'

అంటారు! చలానా రాయడమే కాదు, ఆ ఫిల్మ్‌ను అక్కడికక్కడే తీయించేస్తారు. ఎందుకలా అంటే... పన్నెండేళ్ల తేడాతో వచ్చిన రెండు తీర్పుల గురించి తెలుసుకోవాలి.

కోర్టు ఏమంది?

మన దేశంలో కారు అద్దాల సంగతి చెప్పేది కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని నూరో నిబంధన. ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుతురును లోపలికి వదలాలి. పక్క అద్దాలు కనీసం 50 శాతం వదలాలి. నిబంధన పాతదే. పట్టించుకున్నవారే తక్కువ. ఊళ్లో పలుకుబడి ఉందని చెప్పడానికి తెల్ల బండి, నల్ల అద్దాలు చాలనుకునే రోజులవి.

కోల్‌కతాకు చెందిన అవిషేక్ గోయెంకా దీనిమీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. నల్ల అద్దాల మాటున నేరాలు జరుగుతున్నాయనీ, లోపలేం జరుగుతోందో పోలీసులకు కనిపించడం లేదనీ ఆయన వాదన. ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎస్.హెచ్.కపాడియా నేతృత్వంలోని ధర్మాసనం 2012 ఏప్రిల్ 27న తీర్పునిచ్చింది. 70, 50 శాతం అన్నవి అద్దం తయారయ్యేటప్పుడే ఉండాల్సిన లక్షణాలనీ, తర్వాత దానిమీద ఏ ఫిల్మూ అంటించకూడదనీ తేల్చిచెప్పింది. అంటే నల్ల ఫిల్మ్ ఎంత పల్చనిదైనా సరే, కుదరదన్నమాట. మే 4 నుంచి అమలు చేయమంది. జరిమానాతో సరిపెట్టకుండా ఫిల్మ్‌ను తీయించాలనీ ఆదేశించింది. జడ్, జడ్ ప్లస్ భద్రత ఉన్నవారి విషయం మాత్రం పోలీసు ఉన్నతాధికారులు, హోంశాఖ కార్యదర్శితో కూడిన కమిటీ పరిశీలించవచ్చంది. ఫిల్మ్‌ల తయారీదారులు, అమ్మకందారులు మళ్లీ కోర్టు మెట్లెక్కినా అదే ఏడాది ఆగస్టులో వారికి ఊరట దక్కలేదు.

ఆ డిసెంబరులోనే ఢిల్లీ బస్సు ఘటన దేశాన్ని కుదిపేసింది. ఆ బస్సుకు నల్ల అద్దాలు, కర్టెన్లు ఉన్నాయని తెలిసినప్పుడు కోర్టు ఎందుకంత గట్టిగా చెప్పిందో అందరికీ అర్థమైంది. పదేళ్ల తర్వాత, 2022 మేలో జూబ్లీహిల్స్ బాలికపై కారులో జరిగిన అఘాయిత్యం హైదరాబాద్‌ను ఉలిక్కిపడేలా చేసింది. ఆ తర్వాతి నెలలోనే ట్రాఫిక్ పోలీసులు నల్ల ఫిల్మ్‌లపై ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టారు. అంతకు రెండు నెలల ముందు సినిమా అగ్రతారల కార్లనూ వదల్లేదు. 700 రూపాయల చలానా రాసి, అక్కడే ఫిల్మ్ ఒలిచేసిన దృశ్యాలను టీవీల్లో అందరూ చూశారు.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని సాధారణ ఉల్లంఘనలకు జరిమానా మొదటిసారి 500, మళ్లీ దొరికితే 1500 రూపాయలు. రోడ్డు మీద వసూలు చేసే మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కేరళలో కొత్త మలుపు

కథ అక్కడితో ముగియలేదు. 2021 ఏప్రిల్ 1 నుంచి నూరో నిబంధన మారింది. 'సేఫ్టీ గ్లాస్' అన్నచోట 'సేఫ్టీ గ్లాస్ లేదా సేఫ్టీ గ్లేజింగ్' అని వచ్చింది. గ్లేజింగ్ అంటే లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం. ఈ ఒక్క మాట పట్టుకుని కేరళలో కొందరు హైకోర్టుకు వెళ్లారు. వారిలో ఫిల్మ్ తయారీ సంస్థ ఉంది, జరిమానా పడిన కారు యజమాని ఉన్నారు, రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని నోటీసు అందుకున్న దుకాణమూ ఉంది.

2024 సెప్టెంబరులో జస్టిస్ ఎన్.నగరేష్ వారికి అనుకూలంగా తీర్పు చెప్పారు. సుప్రీంకోర్టు తీర్పు పాత నిబంధన మీద వచ్చిందనీ, కొత్త నిబంధన ప్రకారం ప్రమాణాలకు తగిన ఫిల్మ్ వేసుకోవచ్చనీ అన్నారు. షరతు ఒక్కటే. ఫిల్మ్ వేశాక కూడా ముందూ వెనకా 70, పక్కన 50 శాతం వెలుతురు లోపలికి రావాలి.

అయితే ఈ తీర్పు కాగితం జేబులో పెట్టుకుని హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఫిల్మ్ వేయిస్తే చలానా రాదన్న భరోసా లేదు. అక్కడి పోలీసుకు ముందు గుర్తొచ్చేది సుప్రీంకోర్టు మాటే.

యాభై వేస్తే ముప్పై ఏడే!

ఇంతకీ షాపువాడు చెప్పిన 'ఫిఫ్టీ పర్సెంట్' లెక్క ఎక్కడ తప్పింది? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అద్దమే నూరు పాళ్ల వెలుతురునూ వదలదు. చాలా కార్ల అద్దాల్లో లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అది 75 శాతం వెలుతురు వదులుతోందనుకుందాం. దానిమీద 50 శాతం ఫిల్మ్ అంటిస్తే? వచ్చే 75లో సగం ఆగిపోయి మిగిలేది 37.5 శాతం. అంటే కేరళ తీర్పు ప్రకారం చూసినా తప్పే. 70 శాతం ఫిల్మ్ వేస్తే మిగిలేది 52.5. పక్క అద్దానికి ఒడ్డున పడినట్లే. అదే 75 శాతం ముందు అద్దమైతే, 90 శాతం వెలుతురు వదిలే పల్చటి ఫిల్మ్ వేసినా 67.5కి పడిపోతుంది. గీత దాటినట్టే.

ఫిల్మ్ డబ్బా మీది అంకె ఫిల్మ్‌ది మాత్రమే. చట్టం అడిగేది అద్దమూ ఫిల్మూ కలిపిన అంకె. కంటితో చూసి అది చెప్పడం ఎవరి తరమూ కాదు. మీటరుతో కొలవాల్సిందే.

నలుపుకీ చల్లదనానికీ చుట్టరికం లేదు

ఎంత నలుపైతే అంత చల్లన అనుకోవడం పెద్ద అపోహ. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. నలుపు రంగు ప్రధానంగా ఆపేది కంటికి కనిపించే వెలుతురును. వేడిని మోసుకొచ్చే పరారుణ కిరణాలను ఆపాలంటే రంగు కాదు, పొరలో వాడే పదార్థం ముఖ్యం. సెరామిక్ ఫిల్మ్‌లు దాదాపు తెల్లగా కనిపిస్తూనే వేడిని తగ్గించేది అందుకే. చవకరకం నల్ల ఫిల్మ్ లోపలివారిని దాచిపెడుతుందేమో కానీ, ఎండను దాని ధరకు తగ్గట్టే ఆపుతుంది.

చర్మానికి చేటుచేసే అతినీలలోహిత కిరణాల సంగతీ అంతే. ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొరతో తయారవుతుంది కాబట్టి ఆ కిరణాలను చాలావరకు అదే ఆపేస్తుంది. పక్క అద్దాలు సాధారణంగా ఒంటి గాజువి. అక్కడ రక్షణ తక్కువ.

దేశానికో లెక్క

అమెరికాలో కార్ల తయారీకి కేంద్ర ప్రమాణం ఉంది. డ్రైవింగ్‌కు అవసరమైన అద్దాలు 70 శాతం వెలుతురు వదలాలి. కొన్న తర్వాత వేయించే ఫిల్మ్ సంగతి మాత్రం రాష్ట్రాల ఇష్టం. మండే ఎండల టెక్సస్‌లో ముందు సీటు పక్క అద్దాలు 25 శాతం వెలుతురు వదిలితే చాలు. ఫ్లోరిడాలో 28 ఉండాలి. న్యూయార్క్‌లో 70. న్యూజెర్సీలోనైతే డ్రైవరు పక్క అద్దానికి ఫిల్మే వద్దంటారు, వైద్య కారణాలుంటే తప్ప. డాలస్‌లో కారు కొని, ఉద్యోగం మారి ఎడిసన్‌కు మకాం మార్చే తెలుగు ఇంజినీరు సామాన్లతో పాటు సర్దుకోవాల్సినవాటిలో కారు అద్దాలూ ఉంటాయి!

బ్రిటన్‌లో ముందు అద్దం 75 శాతం, ముందు పక్క అద్దాలు 70 శాతం వెలుతురు వదలాలి. వెనక ఎంత నలుపైనా అడిగేవారు లేరు. సింగపూర్‌లో ముందు 70, వెనక 25. మలేసియా 2019లో వెనక అద్దాలకు పరిమితి ఎత్తేసి, ముందు అద్దానికి 70, ముందు పక్క అద్దాలకు 50 ఉంచింది. యూఏఈలో పక్క అద్దాలకూ వెనకకూ 50 శాతం దాకా అనుమతి ఉంది, ముందు అద్దం జోలికి మాత్రం వెళ్లకూడదు.

అంకెలు వేరైనా ఒక్క విషయంలో చాలా దేశాలది ఒకేమాట. వెనక కూర్చున్నవారి నీడ, గోప్యత వారిష్టం. డ్రైవరు చూసే అద్దం మాత్రం రోడ్డు మీదున్న అందరిదీ. పక్క అద్దాల మీద అంత పట్టింపు ఎందుకంటే, డ్రైవరు బయటి రియర్‌వ్యూ అద్దాన్ని చూసేది వాటిలోంచే. వాన పడే రాత్రి నల్ల ఫిల్మ్‌లోంచి చూస్తే, వెనక నుంచి వచ్చే స్కూటరు ఆలస్యంగా కనపడుతుంది. ఆ ఒక్క క్షణమే ప్రాణాల మీదికి తెస్తుంది.

లైట్లకీ ముసుగేనా?

అద్దాల తర్వాత కుర్రకారు కన్ను పడింది లైట్ల మీద. వెనక లైట్లకు పొగరంగు ఫిల్మ్ వేస్తే బండికి 'లుక్' వస్తుందని మోజు. మన నిబంధనల ప్రకారం వెనక ఎర్రలైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. నంబరు ప్లేటు మీద పడే తెల్లలైటులో 15 మీటర్ల నుంచి నంబరు చదవగలగాలి. పొగరంగు వేస్తే ముందు దెబ్బతినేది ఆ దూరమే. హైవే మీద బ్రేకు వేసిన సంగతి వెనక లారీ డ్రైవరుకు ఆలస్యంగా తెలిస్తే నష్టపోయేది ముందున్న కారే.

లైటు రంగు మీదా దేశానికో అభిప్రాయం ఉండేది. ఫ్రాన్స్‌లో దశాబ్దాలపాటు పసుపు హెడ్‌లైట్లే తప్పనిసరి. ఐరోపా అంతా ఒకే ప్రమాణంలోకి రావడంతో 1993లో ఆ పట్టుదల వదులుకున్నారు. మన దగ్గర రంగు లైటంటే హోదా. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలు కూడా దిగిపోయాయి.

మరి ఎండకేం చేయాలి?

చట్టం వద్దన్నది నలుపునే, నీడను కాదు. కారు కొనేటప్పుడే వేడిని తగ్గించే అద్దాలున్న మోడల్ ఎంచుకోవచ్చు. ఫ్యాక్టరీలో తయారైన ఆ అద్దాలు ప్రమాణాలకు లోబడే ఉంటాయి. కారు నిలిపినప్పుడు ముందు అద్దానికి లోపల మెరిసే షేడ్ పెట్టి, బయల్దేరే ముందు తీసేస్తే సరి. ఎక్కగానే అన్ని అద్దాలూ దించి రెండు నిమిషాలు వేడిగాలి పోనిచ్చి, ఆ తర్వాత ఏసీ వేస్తే త్వరగా చల్లబడుతుంది. పాత కారు కొనేవారు అద్దాల మీద ఫిల్మ్ ఉందేమో చూసుకోవాలి. పాత యజమాని సరదాకు చలానా కొత్త యజమాని కట్టాల్సి వస్తుంది.

మన రోడ్ల మీద అన్నిచోట్లా సిగ్నళ్లుండవు. సంచి పట్టుకున్న పెద్దావిడ ఒక చెయ్యి పైకెత్తి, వచ్చే కారు డ్రైవరు వంక చూస్తూ అడుగు వేస్తుంది. అతను తనను చూశాడని తెలిస్తేనే రెండో అడుగు. ఆ చూపు ఆమెకు కనపడాలంటే అద్దంలోంచి వెలుతురు పోవాలి. 70, 50 అంకెలు అందుకే.